పట్టుచీరలో లేపల్ మైక్ పెట్టేటప్పుడు

మణికొండ ఫ్లాట్‌లో సీన్ షూటింగ్ అంటే, వాటి మోత రికార్డు కాకుండా ముందు ఏసీ, ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపించండి. ఆపిన ఫ్రిజ్‌లో మీ బండి తాళాలు పెట్టండి, ప్యాకప్‌కి మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు.

అసలు తలనొప్పి పట్టుచీరలో లేపల్ మైక్ (బట్టల్లో దాచే చిన్న మైక్) పెట్టడంతో. మైక్‌కి గుడ్డ రాసుకుంటే వచ్చే బరబర డైలాగ్ మీదే పడుతుంది, తర్వాత తీయడం చాలా కష్టం. టేపును జిగురు బయటికి ఉండేలా త్రికోణంగా మడిచి, అలాంటి రెండింటి మధ్య మైక్ పెట్టి, ఒకవైపు జాకెట్టుకు, మరోవైపు పైటకు అంటించండి. రెండు పొరలూ మైక్‌తో కలిసే కదలాలి. కేబుల్‌ను చిన్న చుట్ట తిప్పి టేపు వేస్తే లాగుడు మైక్ దాకా రాదు. నల్లపూసలు తగలకూడదు. ఇదంతా నటిని అడిగాకే, కాస్ట్యూమర్ చేతే పెట్టించండి.

రికార్డర్ సెట్టింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మామూలు మాట రికార్డర్ మీటర్‌లో మైనస్ 20 డీబీ (డెసిబెల్) దగ్గర ఉండాలి. బూమ్ (పొడవాటి కర్రకు కట్టి పట్టుకునే మైక్) వేరే ట్రాక్‌లో. అక్కడి నుంచి కదిలేముందు 30 సెకన్ల రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో వినిపించే శబ్దం) తీసుకోండి.