చిన్న కారు ప్రమాదం జరిగాక: రోడ్డు మీద చేయవలసినవి, ఇంటికి వచ్చాక వేసుకోవలసిన లెక్క

ముందు వెళ్తున్న ఆటో ఉన్నట్టుండి ఆగడం, సిగ్నల్ దగ్గర వెనుక నుంచి ఎవరో వచ్చి తగలడం, సందు మలుపులో స్కూటర్ తలుపును గీసుకుపోవడం వంటివి కారు నడిపేవారికి ఏదో ఒక రోజు ఎదురవుతూనే ఉంటాయి. దెబ్బ చిన్నదే అయినా, ఆ తరువాతి అరగంటలో కంగారుపడి ఇచ్చిన డబ్బు, తొందరపడి అన్న మాట, తీయకుండా వదిలేసిన ఫోటో నెలల తరబడి ఇబ్బంది పెడతాయి. అందుకే రోడ్డు మీద నిలబడి డబ్బు మాట తేల్చుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. అక్కడ మనుషులను చూసుకోవాలి, జరిగినది జరిగినట్టు నమోదు చేసుకోవాలి. లెక్క ఇంటికి వచ్చాక వేసుకోవచ్చు.

బండి ఆపగానే ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించండి. దిగే ముందు వెనుక నుంచి వాహనాలు వస్తున్నాయేమో అద్దంలో చూసుకోండి. హైవే మీదైతే కారులోని వారిని రోడ్డు పక్క రెయిలింగ్ అవతలికి పంపించండి, ఎందుకంటే ఆగి ఉన్న బండిని మరొక బండి ఢీకొనే ప్రమాదం అక్కడ ఎక్కువ. జాతీయ రహదారి అయితే 1033కు, ఎవరికైనా దెబ్బ తగిలితే 108కు, పోలీసుల కోసం 112కు ఫోన్ చేయవచ్చు.

దెబ్బల విషయంలో ఎదుటివారు చెప్పే మాటను బట్టి నిర్ణయం తీసుకోవద్దు. రెండేళ్ల క్రితం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నేను బ్రేకు వేసినప్పుడు వెనుక వస్తున్న స్కూటర్ నా బంపర్‌కు తగిలి, నడుపుతున్న కుర్రవాడు కింద పడ్డాడు. వెంటనే లేచి, అరచేతికి అంటిన దుమ్ము దులుపుకొని, "ఏం కాలేదండీ, మీరు వెళ్లండి" అన్నాడు. చుట్టూ చేరినవారు కూడా ఎంతో కొంత చేతిలో పెట్టి పంపించేయమన్నారు. పక్కన ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తే, పది నిమిషాలకు అతని మణికట్టు వాచి, గ్లాసు పట్టుకోలేకపోయాడు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే ఎముకకు సన్నని చీలిక కనిపించింది. ఆ పది నిమిషాలు ఆగకుండా వెళ్లిపోయి ఉంటే, ఆ కుర్రవాడి దృష్టిలోనూ చట్టం దృష్టిలోనూ నేను దెబ్బ తగిలిన మనిషిని రోడ్డు మీద వదిలి వెళ్లినవాడినే అయ్యేవాడిని. తలకు దెబ్బ తగిలినా, మెడ పట్టేసినా నొప్పి మరునాటికి గాని తెలియకపోవచ్చు. కాబట్టి మీ కారులోని వారిని కూడా డాక్టరుకు చూపించి, ఆ చీటీ దాచుకోండి.

మోటారు వాహనాల చట్టం 1988లోని 134వ సెక్షన్ ప్రకారం, మనిషికి గాయమైనా, ఇతరుల ఆస్తికి నష్టం కలిగినా డ్రైవరుకు కొన్ని బాధ్యతలు ఉన్నాయి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి. అక్కడ పోలీసులు లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలలోపు దగ్గరి పోలీస్ స్టేషన్‌లో తెలియజేయాలి. బీమా కంపెనీకి కూడా సమాచారం ఇవ్వాలి. జనం ఆగ్రహంతో మీద పడే పరిస్థితి ఉంటే వైద్య సహాయం విషయంలో చట్టమే మినహాయింపు ఇచ్చింది. అలాంటప్పుడు అక్కడి నుంచి తప్పుకొని నేరుగా స్టేషన్‌కు వెళ్లడం తప్పు కాదు. అయితే ఆ మినహాయింపును పారిపోవడానికి సాకుగా వాడుకోకూడదు.

మనుషుల సంగతి చూసుకున్న తరువాత బండ్లను పక్కకు తీసే ముందు ఫోటోలు తీయండి. చాలామంది సొట్ట పడిన చోటును మాత్రమే దగ్గర నుంచి తీస్తారు. ఆ ఫోటో దెబ్బ ఎంతో చెబుతుంది గాని ఎలా తగిలిందో చెప్పదు. ముందుగా పదిహేను ఇరవై అడుగుల దూరం నుంచి రెండు వాహనాలూ, రోడ్డూ, పక్కనున్న దుకాణం బోర్డు లేదా సిగ్నల్ స్తంభం కలిసి కనిపించేలా తీయాలి. తరువాత రెండు నంబరు ప్లేట్లు, రెండు బండ్లకు తగిలిన దెబ్బలు, రోడ్డు మీద టైరు గీతలు ఉంటే అవి కూడా తీయాలి. ట్రాఫిక్ నిలిచిపోయిందని వెనుకవారు హారన్లు కొడుతున్నా, ఈ పనికి రెండు నిమిషాలు చాలు. డాష్‌క్యామ్ (కారు ముందు అద్దం దగ్గర పెట్టే కెమెరా) ఉంటే పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోకముందే ఆ రోజే కాపీ చేసుకోండి. ఎదురు దుకాణంలో సీసీ కెమెరా ఉంటే యజమానిని మర్యాదగా అడిగి పెట్టుకోండి, ఎందుకంటే ఆ దృశ్యాలు కూడా ఎక్కువ రోజులు నిలవవు.

ఎదుటివారి పేరు, ఫోన్ నంబరు, లైసెన్సు వివరాలు రాసుకోండి, మీవి కూడా ఇవ్వండి. ప్రభుత్వ రవాణా శాఖ వారి ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే దానికి బీమా ఉందో లేదో తెలుస్తుంది. నమ్మకం కోసమని అసలు లైసెన్సునో బండి తాళాలనో ఎవరికీ ఇవ్వవద్దు, ఎదుటివారివి మీరు తీసుకోవద్దు.

ఇక మాటల సంగతి. "తప్పు నాదే, ఖర్చంతా నేనే పెట్టుకుంటాను" అని జాలితోనో భయంతోనో అనేవారిని చూస్తుంటాం. మన దేశంలోని ప్రామాణిక కారు పాలసీ షరతులలో ఒకటి ఏమిటంటే, కంపెనీ లిఖితపూర్వక అనుమతి లేకుండా పాలసీదారు తప్పు ఒప్పుకోవడం గాని, డబ్బు ఇస్తానని మాట ఇవ్వడం గాని, ఇవ్వడం గాని చేయకూడదు. గాయపడినవారిని ఆసుపత్రికి తీసుకువెళ్లడం వేరు, నష్టపరిహారానికి మాట ఇవ్వడం వేరు. మొదటిదానికి వెనుకాడవద్దు, రెండవదానికి తొందరపడవద్దు. ఎవరికీ దెబ్బ తగలక, గీతలతో పోయిన వ్యవహారంలో ఇద్దరూ రాజీ పడదలచుకుంటే, డబ్బు ఇచ్చేది మీరైతే ముందు కంపెనీ అనుమతి తీసుకొని, తేదీ, చోటు, బండ్ల నంబర్లు, మొత్తం, ఇంతటితో ఇద్దరికీ సమ్మతమన్న వాక్యం రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, డబ్బును నగదుగా కాక యూపీఐ ద్వారా చెల్లించుకోండి. అయితే ఇలాంటి కాగితం పోలీసులకు, కంపెనీకి చెప్పే బాధ్యతను తీసివేయదు.

బయలుదేరే ముందు కారు కింద ఏదైనా కారుతోందా, టైరుకు ఏమైనా రాసుకుంటోందా, లైట్లు పనిచేస్తున్నాయా చూడండి. ముందు భాగానికి దెబ్బ తగిలి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతుంటే అలాగే నడపవద్దు. ఇంజన్ వేడెక్కి పాడైతే, అది ప్రమాదం వల్ల కాక ఆ తరువాత నడపడం వల్ల జరిగిందని కంపెనీ ఆ భాగానికి డబ్బు నిరాకరించవచ్చు. కారును లాగించి తీసుకువెళ్లడమే చౌక.

ఇంటికి చేరిన తరువాత వేయవలసిన లెక్క ఇది. నాలుగేళ్ల పాతదైన 1200 సీసీ కారుకు, జీరో డిప్రిసియేషన్ (భాగాల తరుగుదల తీసివేయకుండా చెల్లించే అదనపు కవర్) లేని పాలసీతో, బంపర్ 6,000, పెయింటింగ్ 4,000, కూలి 1,500 కలిపి 11,500 రూపాయల అంచనా వచ్చిందనుకుందాం. ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగుదల తీసివేస్తారు కాబట్టి బంపర్‌లో 3,000 మీరే భరించాలి. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కించి, అందులో సగం అంటే 500 తీసివేస్తారు. 1500 సీసీ వరకు ఉన్న కార్లకు ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మినహాయించే మొత్తం 1,000. అంటే కంపెనీ నుంచి మీకు వచ్చేది 7,000.

ఇప్పుడు పోయేది చూడండి. క్లెయిమ్ లేని సంవత్సరాలకు సొంత నష్టం ప్రీమియం (మీ కారుకు కలిగే నష్టం కోసం కట్టే భాగం) మీద వచ్చే రాయితీ వరుసగా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. రాయితీకి ముందు ఆ ప్రీమియం 8,000 అనీ, వచ్చే రెన్యువల్‌కు 45 శాతం రావలసి ఉందనీ అనుకుంటే, మొదటి ఏడాది 3,600, రెండో ఏడాది 50కి బదులు 20 శాతమే వస్తుంది కాబట్టి 2,400, తరువాత వరుసగా 2,000, 1,200, 400 నష్టపోతారు. మొత్తం 9,600. కారు పాతబడుతున్న కొద్దీ ప్రీమియం కూడా తగ్గుతుంది కనుక అసలు నష్టం ఇంతకంటే కొంత తక్కువ ఉండవచ్చు. అయినా మొదటి రెండేళ్లలోనే 6,000 పోతాయి. కాబట్టి ఒక్క బంపర్ కోసం క్లెయిమ్ చేయడం చాలా సందర్భాలలో దండగే. హెడ్‌లైటు, బానెట్, రేడియేటర్ దాకా దెబ్బ వెళ్లినప్పుడు లెక్క తారుమారవుతుంది, అప్పుడు మొహమాటపడకుండా క్లెయిమ్ చేయండి. రాయితీని కాపాడే అదనపు కవర్ మీ పాలసీలో ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి. క్లెయిమ్ వద్దనుకున్నా, మనిషికి గాయమైనా, ఇతరుల ఆస్తికి నష్టం కలిగినా కంపెనీకి సమాచారం మాత్రం ఇవ్వాలి. రేపు నోటీసు వస్తే కంపెనీ మీ వెనుక నిలబడటానికి అదే ఆధారం.

తప్పు ఎదుటివారిదైతే వారి బీమా నుంచి రాబట్టుకోవచ్చు కదా అని అనిపిస్తుంది. వారి థర్డ్ పార్టీ బీమా (వారి బండి వల్ల ఇతరులకు కలిగిన నష్టానికి చెల్లించేది) నుంచి మీ కారు నష్టం రావాలంటే మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. పదివేల రూపాయల సొట్ట కోసం అంత తిరుగుడు ఎవరూ పెట్టుకోరు.

క్లెయిమ్ చేయాలని నిర్ణయిస్తే, షెడ్డులో ఒక్క బోల్టు విప్పకముందే కంపెనీకి తెలియజేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఆర్‌సీ, ప్రమాద సమయంలో నడిపినవారి లైసెన్సు, పాలసీ సిద్ధంగా ఉంచండి. సర్వేయర్ (నష్టాన్ని అంచనా వేయడానికి కంపెనీ పంపే వ్యక్తి) వచ్చినప్పుడు మీరు దగ్గర ఉండటం మంచిది. బంపర్ విప్పాక లోపలి బ్రాకెట్లు విరిగినట్టు బయటపడితే, పని కొనసాగించకుండా ఆపించి, అదనపు అంచనాను సర్వేయర్ చేత ఒప్పించుకోవాలి. కంపెనీ అన్యాయంగా నిరాకరిస్తే ముందుగా దాని ఫిర్యాదుల అధికారికి రాయండి. అక్కడ తేలకపోతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారి ఫిర్యాదులు వినే బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. అక్కడ రుసుము ఏదీ లేదు, వకీలు అవసరం లేదు.

కారును తిరిగి తీసుకునేటప్పుడు సాయంత్రం చీకట్లో కాక పగటి వెలుగులో చూడండి. రంగు తేడా ఎండలోనే తెలుస్తుంది. తలుపులూ బానెట్ సమంగా మూసుకుంటున్నాయో లేదో చూసి, మార్చిన పాత భాగాలను చూపించమని అడిగి, కొంత దూరం నడిపి స్టీరింగ్ ఒక పక్కకు లాగడం లేదని తేల్చుకున్న తరువాతే సంతకం పెట్టండి.