జన్యు ఆధారాలతో పోషకాహార పరిశోధనను చదవడం – 4వ పాఠం: విటమిన్ డి, కోవిడ్

రెండు విషయాలు జంటగా కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని చెప్పలేమని మూడవ పాఠంలో చూశాం. ఆ చిక్కు విప్పడానికి జన్యుశాస్త్రం ఇచ్చిన పద్ధతిని ఇప్పుడు నేర్చుకుని, దానితో చేసిన ఒక అధ్యయనాన్ని చదువుదాం. పద్ధతి పేరు మెండీలియన్ రాండమైజేషన్. పేరు బరువుగా ఉన్నా, ఇందులో కావలసిన లెక్క ప్రధానంగా భాగహారమే.

2020లో కోవిడ్ వ్యాపించిన తొలి నెలల్లోనే, జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరినవారి రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉందని అనేక దేశాల వైద్యులు గమనించారు. మన ఊళ్లలో మందుల చీటీల మీద జింకు, విటమిన్ సి మాత్రలతో పాటు 60,000 యూనిట్ల విటమిన్ డి కూడా చేరిపోయింది. అయితే వయసు మళ్లినవారిలో, స్థూలకాయం ఉన్నవారిలో, ఎండ తగలకుండా ఇంటిపట్టునే ఉండే దీర్ఘరోగులలో విటమిన్ డి తక్కువగా ఉండడం సాధారణం. కోవిడ్ తీవ్రంగా వచ్చిందీ ఎక్కువగా వీరికే. పైగా ఒంట్లో వాపు ప్రక్రియ చెలరేగినప్పుడు రక్తంలో విటమిన్ డి కొలత పడిపోతుంది కాబట్టి, లోపం వల్ల జబ్బు ముదిరిందా, జబ్బు ముదిరినందువల్ల కొలత పడిపోయిందా అన్నది ఆసుపత్రిలో తీసిన రక్తనమూనా చెప్పలేదు.

ఇటువంటి ప్రశ్ననే 1986లో నెదర్లాండ్స్‌కు చెందిన మార్టైన్ కటాన్ కొలెస్టరాల్ విషయంలో లేవనెత్తారు. కొలెస్టరాల్ తక్కువగా ఉండడం క్యాన్సర్‌కు దారితీస్తోందా, లేక బయటపడని క్యాన్సరే కొలెస్టరాల్‌ను తగ్గిస్తోందా అన్నది తేల్చడానికి, పుట్టుకతోనే కొలెస్టరాల్‌ను కొంత తగ్గించే జన్యురూపం ఉన్నవారిని పరిశీలించాలని ఆయన లాన్సెట్ పత్రికకు రాసిన లేఖలో సూచించారు. జబ్బు జన్యువును మార్చలేదన్నదే ఆ సూచనలోని బలం. 2003లో జార్జ్ డేవీ స్మిత్, షా ఇబ్రహీం ఈ ఆలోచనను ఒక పద్ధతిగా విస్తరించారు. తల్లిదండ్రుల దగ్గర ప్రతి జన్యువుకూ ఉన్న రెండేసి ప్రతులలో ఏది బిడ్డకు వస్తుందన్నది లాటరీ వంటిది. ఆ బిడ్డ పెరిగి ఎండలో తిరుగుతాడా, మాత్రలు కొనుక్కోగలడా అన్నదానితో ఆ లాటరీకి సంబంధం లేదు. కాబట్టి విటమిన్ డి కొంచెం ఎక్కువగా ఉండేలా చేసే జన్యుభేదం (ఒకే జన్యువులో మనిషికీ మనిషికీ ఉండే చిన్న తేడా) ఉన్నవారినీ లేనివారినీ పోల్చడం, పుట్టుకనాడే చీటీలు తీసి రెండు జట్లుగా విడదీసినవారిని పోల్చడంతో దాదాపు సమానం.

"దాదాపు" అనడానికి కారణం మూడు షరతులు. ఎంచుకున్న జన్యుభేదానికి పోషకం స్థాయితో గట్టి సంబంధం ఉండాలి. ఆ భేదం ఒక్కో జనవర్గంలో ఒక్కో నిష్పత్తిలో ఉండి, జబ్బు కూడా అదే వర్గాల వారీగా మారుతూ ఉండకూడదు. ఈ రెండింటినీ లెక్కలతో చాలావరకు పరీక్షించవచ్చు. మూడవ షరతే పేచీ పెడుతుంది: జన్యుభేదం జబ్బు మీద చూపే ప్రభావమంతా ఆ పోషకం ద్వారానే రావాలి, మరో దారి ఉండకూడదు. దీన్ని గణాంకాలు పూర్తిగా రుజువు చేయలేవు. ఆ జన్యువు శరీరంలో చేసే పని తెలియాలి. అందుకే అధ్యయనం చేతికి రాగానే ఫలితానికి పరుగెత్తకుండా, ముందు జన్యువుల పట్టిక తెరవమని నేను చెబుతాను.

విటమిన్ డి విషయంలో ఆ పట్టిక చదవడానికి ఎంతో అనువైనది. చర్మంలో ఉండే 7-డీహైడ్రోకొలెస్టరాల్ అన్న పదార్థం మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడి విటమిన్ డి తయారవుతుంది. డీహెచ్‌సీఆర్7 జన్యువు ఇచ్చే ఎంజైము ఆ పదార్థాన్నే కొలెస్టరాల్‌గా మార్చేస్తుంది. తయారైన విటమిన్‌ను కాలేయంలో సీవైపీ2ఆర్1 ఎంజైము మనం ప్రయోగశాలలో కొలిచే రూపంలోకి తెస్తుంది. జీసీ జన్యువు ఇచ్చే ప్రొటీను దాన్ని రక్తంలో మోసుకుపోతుంది. చివరకు సీవైపీ24ఏ1 దాన్ని విచ్ఛిన్నం చేస్తుంది. నాలుగు జన్యువులూ విటమిన్ నడిచే దారిలోనే ఉన్నాయి కాబట్టి నమ్మకం కుదురుతుంది. అయినా డీహెచ్‌సీఆర్7కు కొలెస్టరాల్ తయారీలో సొంత పాత్ర ఉంది. అక్కడినుంచి మరో దారి తెరుచుకోవచ్చు. జీసీలో మరో మెలిక ఉంది. మోసే ప్రొటీను తగ్గితే రక్తంలో మొత్తం విటమిన్ డి కొలత తగ్గుతుంది కానీ, ప్రొటీనుకు అంటుకోకుండా స్వేచ్ఛగా తిరిగే భాగం అంతగా తగ్గకపోవచ్చు.

ఇక లెక్క. కింది అంకెలు అభ్యాసం కోసం నేను వేసుకున్నవి. ఒక జన్యుభేదం ఒక్కో ప్రతికి విటమిన్ డి స్థాయిని 0.20 ప్రామాణిక విచలనం (స్థాయిలు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) మేర పెంచుతుందనీ, అదే భేదం ఆసుపత్రిలో చేరే అవకాశపు (చేరేవారికీ చేరనివారికీ ఉన్న నిష్పత్తి, అంటే ఆడ్స్) సంవర్గమానాన్ని (లాగరిథమ్) 0.01 పెంచుతుందనీ, ఈ రెండవ అంకెకు ప్రామాణిక దోషం (అంచనాలోని అనిశ్చితికి కొలత) 0.03 అనీ అనుకుందాం. 0.01ని 0.20తో భాగిస్తే 0.05, దోషాన్నీ అలాగే భాగిస్తే 0.15. సంవర్గమానం నుంచి వెనక్కి వస్తే ఆడ్స్ రేషియో (రెండు జట్ల ఆడ్స్‌ల నిష్పత్తి; ఒకటి అయితే తేడా లేనట్టు) 1.05, 95 శాతం విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల హద్దులు) 0.78 నుంచి 1.41. రెండవ జన్యుభేదం విటమిన్‌ను 0.05 మాత్రమే పెంచుతూ, జబ్బు అంకె 0.02గా, దోషం మళ్లీ 0.03గా ఉంటే, భాగహారం 0.40 ఇస్తుంది, దోషం 0.60కి ఎగబాకుతుంది, అంతరం 0.46 నుంచి 4.84 దాకా సాగుతుంది. జబ్బు వైపు దోషం మారకపోయినా, విటమిన్ వైపు పట్టు సడలగానే జవాబు ఎంత చెదిరిపోయిందో గమనించండి. రెండింటినీ వాటి కచ్చితత్వాన్ని బట్టి తూకం వేసి కలిపితే 1.07 వస్తుంది, అంతరం 0.81 నుంచి 1.43, బలమైన భేదమే దాదాపు మొత్తం మాట చెప్పేసింది.

ఇప్పుడు అసలు అధ్యయనం. 2021లో గీయోమ్ బట్లర్-లపోర్ట్, ఆయన సహచరులు ప్లాస్ మెడిసిన్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, ఐరోపా సంతతికి చెందిన 4,43,734 మంది నుంచి విటమిన్ డి జన్యుభేదాలను తీసుకున్నారు. అందులో 4,01,460 మంది యూకే బయోబ్యాంకు (బ్రిటన్‌లో స్వచ్ఛందంగా చేరినవారి జన్యు, ఆరోగ్య వివరాల భాండాగారం) వారే. కోవిడ్ వైపు 14,134 మంది రోగులు, 12,84,876 మంది జబ్బు లేనివారు ఉన్నారు. జన్యుపరంగా విటమిన్ డి స్థాయి, సంవర్గమాన కొలమానంలో, ఒక ప్రామాణిక విచలనం పెరిగితే కోవిడ్ సోకే ఆడ్స్ రేషియో 0.95 (0.84 నుంచి 1.08), ఆసుపత్రిలో చేరడానికి 1.09 (0.89 నుంచి 1.33), తీవ్రమైన జబ్బుకు 0.97 (0.77 నుంచి 1.22) అని వారు చూపారు. మూడు అంతరాలూ ఒకటిని దాటి రెండు వైపులా ఉన్నాయి, అంటే లాభమో నష్టమో తేలలేదు.

దీన్ని "విటమిన్ డి వల్ల లాభం లేదు" అని చదివితే తొందరపాటే. తీవ్రమైన జబ్బు అంతరం కింది అంచు 0.77, అంటే 23 శాతం వరకు లాభం ఉండే అవకాశాన్ని ఈ అంకె కొట్టిపారేయలేదు, దాదాపు అంతే నష్టాన్నీ కొట్టిపారేయలేదు. కొట్టిపారేసింది సగానికి సగం తగ్గిపోతుందన్న భారీ ఆశను. పైగా జన్యుభేదాలు మామూలు స్థాయిలో జీవితాంతం ఉండే చిన్న తేడాలను మాత్రమే సూచిస్తాయి కాబట్టి, తీవ్రమైన లోపం ఉన్నవారి సంగతి ఈ సగటు చెప్పదు. ఆ పరిమితిని రచయితలే పేర్కొన్నారు. ఎండ మెండుగా ఉన్నా విటమిన్ డి లోపం విస్తారంగా కనిపించే మన తెలుగు నేలకు, ఐరోపా సంతతివారి లెక్కను యథాతథంగా అన్వయించడం నాకు సమ్మతం కాదు. పరీక్షలు చేయించుకున్నవారే లెక్కలోకి రావడం మరో లొసుగు. జబ్బు పడ్డవారిలో ఎవరు పరీక్షకు వెళ్లారన్నది చదువును బట్టీ, వృత్తిని బట్టీ మారింది.

ఇటువంటప్పుడు వేరే రకం సాక్ష్యం ఏమంటోందో చూడాలి. 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రెండు పెద్ద ప్రయోగాలు వెలువడ్డాయి: బ్రిటన్‌లో 6,200 మందితో జరిగిన కరోనావిట్ ప్రయోగంలో, రక్తంలో విటమిన్ డి తక్కువగా తేలినవారికి మాత్రలిచ్చారు, నార్వేలో సుమారు 34 వేల మందికి కాడ్ చేపనూనె గానీ ఉత్తుత్తి నూనె గానీ ఇచ్చారు. రెండింటిలోనూ కోవిడ్ తగ్గలేదు. పొరపాట్లు జరిగే చోటు వేర్వేరుగా ఉన్న రెండు పద్ధతులు ఒకే వైపు చూపినప్పుడు నా నమ్మకం పెరుగుతుంది.

అభ్యాసం. జింకు స్థాయికి సంబంధించి 2013లో గుర్తించిన జన్యుస్థానాలు మూడే: ఎనిమిదవ క్రోమోజోములో సీఏ1 దగ్గర ఒకటి, పదిహేనవదానిలో పీపీసీడీసీ దగ్గర ఒకటి, ఎక్స్ క్రోమోజోములో ఒకటి. సీఏ1 ఇచ్చే కార్బోనిక్ ఎన్‌హైడ్రేస్ ఎంజైము ఎర్ర రక్తకణాల్లో సమృద్ధిగా ఉండి, తనలోనే జింకును ఇముడ్చుకుంటుంది. ఈ మూడు భేదాలతో "జింకు వల్ల జలుబు తగ్గదు" అని ఒక అధ్యయనం ప్రకటించిందనుకోండి. మూడవ షరతు సీఏ1 దగ్గర నిలబడుతుందా, మూడే భేదాలున్నప్పుడు విశ్వాస అంతరం ఎలా ఉండవచ్చు, ఎర్ర రక్తకణాల్లోని జింకు రోగనిరోధక కణాలకు అందే జింకుకు కొలమానం అవుతుందా అన్న మూడు ప్రశ్నలకు తలా నాలుగు వాక్యాల్లో జవాబు రాసి ఉంచుకోండి. అయిదవ పాఠంలో వాటిని సరిచూసి, ఒకే జన్యువు రెండు మూడు దారుల్లో పనిచేస్తోందేమో పట్టుకునే ఎగ్గర్ రిగ్రెషన్‌లోకి వెళదాం.