అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘాన్ని నడపడం ఎలా?

హైదరాబాదులో నలభై ఫ్లాట్లున్న మా భవనానికి మూడేళ్లు కోశాధికారిగా పనిచేశాను. ఆ మూడేళ్లలో నేను చూసిన తగాదాల్లో చాలా వాటికి మూలం ఎవరికీ లెక్క సరిగ్గా కనబడకపోవడమే. అందువల్ల ఈ వ్యాసంలో డబ్బు గురించిన భాగం తక్కినవాటికంటే పెద్దదిగా ఉంటుంది.

సంఘాన్ని రిజిస్టరు చేయించడం

సంఘానికి చట్టబద్ధమైన గుర్తింపు లేకపోతే దాని పేరిట బ్యాంకు ఖాతా తెరవడం కష్టం, బకాయిదారులను అడగడం అంతకంటే కష్టం. తెలుగు రాష్ట్రాల్లో చాలా సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతున్నాయి. ఇందుకు కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. సంఘం ఉద్దేశాలను తెలిపే మెమొరాండాన్ని, బైలాలను (సంఘం నడిచే నియమాలను) సొసైటీల రిజిస్ట్రారుకు సమర్పించాలి. ఆ తరువాత ఏటా సర్వసభ్య సమావేశం కాగానే కార్యవర్గ సభ్యుల జాబితాను కూడా పంపుతూ ఉండాలి.

బైలాలను పక్క భవనం నుంచి తెచ్చి పేరు మార్చి వాడుకోవడం మన దగ్గర మామూలే కానీ, అది మంచి అలవాటు కాదు. కోరం (సమావేశం చెల్లడానికి హాజరు కావలసిన కనీస సభ్యుల సంఖ్య) ఎంత, కార్యవర్గం పదవీకాలం ఎంత, కార్యదర్శి తనంతట తాను ఎంతవరకు ఖర్చు చేయవచ్చు, ఎంత దాటితే సర్వసభ్య సమావేశం అనుమతి కావాలి, అద్దెకున్నవారు సమావేశాల్లో మాట్లాడవచ్చా అనే విషయాలను మీ భవనానికి తగినట్టు మీరే కూర్చుని రాసుకోండి.

బిల్డరు నుంచి స్వాధీనం చేసుకోవడం

కొత్త భవనమైతే మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివసించవచ్చని అధికారులు ఇచ్చే పత్రం), లిఫ్టు, జనరేటరు, మోటార్ల గ్యారంటీ పత్రాలు, కరెంటు, డ్రైనేజీ లైన్ల పటాలు, ముందుముందు ఖర్చుల కోసమని బిల్డరు వసూలు చేసిన కార్పస్ ఫండ్ లెక్క అన్నింటినీ జాబితాగా రాసి, ఇరుపక్షాల సంతకాలతో తీసుకోవాలి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం 14వ సెక్షను ప్రకారం ఫ్లాటు స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి, ఆ సంగతి తెలియజేస్తే, బిల్డరు అదనపు సొమ్ము తీసుకోకుండా 30 రోజుల్లో దానిని సరిచేయాలి. కాబట్టి గోడ పగిలిందనో, స్లాబు కారుతోందనో సంఘం డబ్బు తీసే ముందు స్వాధీనమైన తేదీని ఒకసారి చూసుకోండి.

మెయింటెనెన్స్ ఎంతో తేల్చడం

పక్క వీధిలో ఎంత తీసుకుంటున్నారో కనుక్కుని అంతే పెట్టడం సరికాదు. ఏడాది ఖర్చును ముందు కాగితం మీద పెట్టాలి. ఉదాహరణకు నలభై ఫ్లాట్ల భవనంలో వాచ్‌మన్ జీతం నెలకు 15,000 రూపాయల చొప్పున ఏడాదికి 1,80,000, ఉమ్మడి మీటరు కరెంటు బిల్లు 1,44,000, లిఫ్టు వార్షిక కాంట్రాక్టు 60,000, వేసవి ట్యాంకర్లు, సంపు శుభ్రం చేయించడం, చిల్లర మరమ్మతులు కలిపి మరో 1,44,000 అనుకుందాం. మొత్తం 5,28,000 రూపాయలు, అంటే ఫ్లాటుకు నెలకు 1,100. అక్కడితో ఆగిపోతే భవనానికి రంగులు వేయించవలసి వచ్చిన ఏడాది అందరి గుండెల్లో రాయి పడుతుంది. నెలకు మరో 200 కలిపి విడిగా దాచితే ఐదేళ్లలో వడ్డీ కాకుండానే 4,80,000 రూపాయలు చేరతాయి.

ఫ్లాట్లన్నీ ఒకే కొలతలో లేనప్పుడు సమానంగా పంచాలా, చదరపు అడుగుల లెక్కన పంచాలా అన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. వాచ్‌మన్, లిఫ్టు ఖర్చులను సమానంగానూ, రంగులు, పెద్ద మరమ్మతులను విస్తీర్ణాన్ని బట్టీ పంచడం న్యాయమని నా అభిప్రాయం. ఏది ఎంచుకున్నా తీర్మానం చేసి, సమావేశ నిర్ణయాలు రాసే మినిట్స్ పుస్తకంలో రాయాలి. సభ్యునికి నెలకు 7,500 రూపాయలు, సంఘానికి ఏడాదికి 20 లక్షల టర్నోవరు రెండూ దాటితే జీఎస్టీ వర్తిస్తుంది గనుక, పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు ఆడిటరును సంప్రదించడం మంచిది.

లెక్కను తెరిచి ఉంచడం

వసూళ్లన్నీ సంఘం ఖాతాలోకే రావాలి. కోశాధికారి ఎంత నమ్మకస్తుడైనా ఆయన సొంత ఫోన్ నంబరుకు ఫోన్‌పే చేయించుకోకూడదు. చెక్కుల మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. ప్రతి నెలా అయిదో తేదీలోగా పాత నిల్వ, వసూలైన సొమ్ము, ఖర్చు, మిగులు, బకాయి ఉన్న ఫ్లాట్ల నంబర్లు ఒకే పేజీలో రాసి లిఫ్టు పక్కన నోటీసు బోర్డులో పెట్టాలి. బిల్లుల ఫైలును ఏ సభ్యుడు అడిగినా చూపించాలి. మా భవనంలో ఒకసారి బోరు మోటారు మార్పించి, బిల్లును ఫైలులో పెట్టడం నేను ఆలస్యం చేశాను. ఆ నాలుగు వారాల్లో మొదలైన అనుమానం బిల్లు చూపించాక కూడా చాలాకాలం పోలేదు.

బకాయిదారులతో మొదట కార్యదర్శి ఒంటరిగా, మర్యాదగా మాట్లాడాలి. కుటుంబంలో అనారోగ్యమో, ఉద్యోగం పోవడమో కారణమైతే వాయిదాలు ఇవ్వండి. ఇవ్వగలిగీ ఇవ్వనివారికి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, బైలాల్లో ఉన్న ఆలస్య రుసుము విధించి, చివరికి చట్టపరమైన మార్గం పట్టాలి. నీళ్లు ఆపే పని మాత్రం చేయవద్దు. ఆ ఇంట్లో పిల్లలూ వృద్ధులూ ఉంటారు.

సమావేశాలు, సిబ్బంది

సమావేశానికి వారం పది రోజుల ముందే ఎజెండా పంపి, వాట్సాప్ గ్రూపులో జరిగిన వాదనలను తీర్మానాలుగా పరిగణించకుండా, సమావేశంలో నిర్ణయించినదే రాయాలి. వాచ్‌మన్‌కు పని చెప్పే అధికారం ఒక్కరికే ఉండాలి. నలభై ఇళ్లవారూ తలా ఒక పని చెబితే ఆ మనిషి ఎవరి మాట వినాలి? ఆయనకు వారాంతపు సెలవు, గాలీ వెలుతురూ వచ్చే గది, ఖాతాలో పడే జీతం ఉండేలా బడ్జెట్‌లోనే చూసుకోండి.

కార్యవర్గం మారినప్పుడు పాతవారు ఆడిట్ అయిన లెక్కలను, మినిట్స్ పుస్తకాన్ని, పత్రాల ఫైళ్లను, తాళాలను, లిఫ్టు, జనరేటరు కాంట్రాక్టుల గడువు తేదీలను కొత్తవారికి సంతకం తీసుకుని అప్పగించాలి. బ్యాంకులో సంతకాలు మారేంతవరకు పాత కోశాధికారి అందుబాటులో ఉండాలి.