కారు ఏసీ చల్లబడటం లేదా? గ్యాస్ పట్టించే ముందు ఇవి చూడండి

ఏసీ కాస్త మొరాయించగానే వినిపించే మాట ‘గ్యాస్ అయిపోయింది’. గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు, మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. పోయిన ఏడాది నింపిస్తే ఈ వేసవికే తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఏసీ ఎప్పుడు చల్లగా ఉంటోంది, ఎప్పుడు ఉండటం లేదు అన్నది.

నిలబడితే వేడి, కదిలితే చల్లన

సిగ్నల్ దగ్గర వేడిగాలి, హైవే ఎక్కగానే చల్లగాలి. ఇందులో గ్యాస్ తప్పు చాలా అరుదు. కండెన్సర్‌కి (గ్యాస్ వేడిని బయటికి వదిలే, బండి ముందుండే జాలీకి) గాలి అందడం లేదు. ఇంజిన్, ఏసీ ఆన్ చేసి బానెట్ ఎత్తి చూడండి. చాలా బళ్లలో కొద్ది సెకన్లలోనే ముందు ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు చూసి, రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్చి డబ్బా) తీసి అదే నంబరున్న మరో రిలే పెట్టి చూడండి. అయినా కదలకపోతే మోటారుకి నేరుగా బ్యాటరీ కరెంటు ఇవ్వండి, చేతులు రెక్కలకు దూరంగా పెట్టి. అప్పుడు తిరిగితే లోపం వైరింగులో, తిరగకపోతే మోటారులో.

ఫ్యాన్ బాగుంటే కండెన్సర్, రేడియేటర్ మధ్య సందులో టార్చి వేయండి. దుమ్ము, ఎండుటాకులు అక్కడే పేరుకుంటాయి. మామూలు నీళ్ల పైపుతో మెల్లగా కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా కొడితే కండెన్సర్ సన్నని రెక్కలు వంగి, గాలి మరింత ఆగుతుంది.

గంట తర్వాత గాలే రాకపోతే

గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మంచు కట్టింది. ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం పది నిమిషాలు నడపండి. గాలి మళ్లీ వస్తే అదే సంగతి. ముందు గ్లవ్ బాక్స్ వెనక ఏసీ ఫిల్టర్ చూడండి, తర్వాత కాయిల్ చల్లదనం కొలిచే సెన్సర్. గ్యాస్ కొంచెం తగ్గినా ఇలా జరగొచ్చు.

అసలు చల్లదనమే లేకపోతే

గ్యాస్‌ని తిప్పే పంపు కంప్రెసర్. ఏసీ నొక్కగానే దాన్ని ఇంజిన్‌తో కలిపే క్లచ్ ‘టక్’మని అతుక్కోవాలి (క్లచ్ లేని రకం కంప్రెసర్లలో ఈ చప్పుడు ఉండదు). అతుక్కోకపోతే ఫ్యూజు, రిలే చూశాక గ్యాస్ ప్రెషర్ చూపే గేజులు తగిలించండి. ఇంజిన్ ఆపి చల్లారిన బండిలో, 30 డిగ్రీల రోజున, ఆర్-134ఎ గ్యాస్ రెండు వైపులా (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే లో సైడ్, బయటికి నెట్టే హై సైడ్) దాదాపు 95 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) చూపాలి. 40 చూపిందంటే గ్యాస్ దాదాపు పోయినట్టే. అయితే 95 చూపినంత మాత్రాన నిండుగా ఉందనుకోకండి. లోపల కాస్త ద్రవం మిగిలినా ముల్లు అక్కడే నిలుస్తుంది.

గ్యాస్ తగ్గితే ప్రెషర్ స్విచ్చే కంప్రెసర్‌ని ఆపుతుంది. ఆ స్విచ్చికి వైరు కలిపి నడిపించే చిట్కా మాత్రం వద్దు. కంప్రెసర్‌కి ఆయిల్ తిరిగి చేరేది గ్యాస్‌తోనే. అది లేకపోతే కంప్రెసర్ పట్టేస్తుంది. ప్రెషర్ బాగుండి, క్లచ్ కనెక్టరులో 12 వోల్టులున్నా అతుక్కోకపోతే క్లచ్ కాయిల్ కాలి ఉండాలి, లేదా ప్లేటు అరిగి సందు పెరిగి ఉండాలి.

ఇంజిన్ నడుస్తుండగా గేజులు రెండూ తక్కువ చూపితే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే గ్యాస్ అతిగా నింపారు, లేదా కండెన్సర్ వేడి వదలడం లేదు. లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ అయితే కంప్రెసర్ బలహీనపడింది. లో సైడ్ సున్నా దాకా పడిపోతే కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్ వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుంది.

గ్యాస్ నింపక తప్పకపోతే

ముందు లీకు పట్టుకోండి. జాయింటు మీద జిడ్డుగా అంటుకున్న దుమ్మే మొదటి గుర్తు. జాయింటులోని రబ్బరు ఓ-రింగు మార్చాక కనీసం 30 నిమిషాలు వాక్యూమ్ పెట్టించి (పంపుతో లోపలి గాలంతా లాగించి), పంపు ఆపి మరో పావుగంట ముల్లు కదలకుండా ఉందో చూడండి. తర్వాత తూకం ప్రకారమే నింపాలి. ఎన్ని గ్రాములో, ఏ గ్యాసో బానెట్ కింద స్టిక్కరు మీద ఉంటుంది. ‘అంచనా మీద వేసేస్తా’ అనే చోట బండి ఇవ్వకండి.

చిల్లర సమస్యలు

పక్క సీటు కాళ్ల దగ్గర తడి ఉంటే నీరు పోయే గొట్టం మూసుకుంది. బ్లోయర్ అన్నిటికన్నా పెద్ద స్పీడులోనే తిరుగుతుంటే దాని స్పీడు తగ్గించే రెసిస్టర్ కాలింది, బ్లోయర్ మార్చక్కర్లేదు.