పాత ఐప్యాడ్ మార్చే ముందు జాగ్రత్తలు

ముందుగా సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి మీది ఏ తరమో చూడండి. 2019 నాటి 7వ తరానికి ఐప్యాడ్ఓఎస్ (ఐప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) 18 తర్వాత కొత్త వెర్షన్ రాదు. మార్చడానికి అది సరైన కారణమే. 2021 నాటి 9వ తరం ఐప్యాడ్ఓఎస్ 26 కూడా నడుపుతుంది. అది నెమ్మదించిందంటే ముందు స్టోరేజీ చూడండి. 64 జీబీ నిండిపోతే ఏ యాప్ అయినా తడబడుతుంది. వీడియోలు తీసేసి వారం వాడి చూడండి. బ్యాటరీ ఒక్కటే సమస్యైతే దాన్ని మార్పించడానికి ఎంతవుతుందో అడగండి.

చాలామంది దెబ్బతినేది ఉపకరణాల దగ్గర. 10వ తరం నుంచి పాత లైట్నింగ్ ఛార్జింగ్ పోర్టు పోయి యూఎస్‌బీ-సీ వచ్చింది, హెడ్‌ఫోన్ రంధ్రం లేదు. తెర మీద రాసే ఆపిల్ పెన్సిల్ మొదటి తరానిది దానితో పనిచేస్తుంది గానీ జత చేయడానికీ ఛార్జింగ్‌కీ విడిగా అడాప్టర్ కావాలి. రెండో తరం పెన్సిల్ ఉందా? 2024 నాటి ఎం2 చిప్ ఐప్యాడ్ ఎయిర్, ఎం4 చిప్ ఐప్యాడ్ ప్రో దాన్ని గుర్తించవు. పాత కవర్ల మీదా ఆశ పెట్టుకోకండి.

ఆన్‌లైన్ ఎక్స్‌ఛేంజ్‌లో డెలివరీ మనిషి కొత్తది ఇస్తూనే పాతది పట్టుకుపోతాడు. రెండూ పక్కపక్కన పెట్టి డేటా మార్చుకునే వీలుండదు. అందుకే ముందు రోజే బ్యాకప్ తీయండి. ఆపిల్ ఆన్‌లైన్ స్టోరేజీ ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే, చాలకపోతే కంప్యూటర్‌లోకి తీయండి. ఓటీపీ ఇచ్చే ఆథెంటికేటర్ యాప్‌ను ఫోన్‌లోకి మార్చుకోండి. పోయిన ఐప్యాడ్‌ను వెతికిపెట్టే ఫైండ్ మై ఆపి, ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ అయ్యి, ఆ తర్వాతే మొత్తం చెరిపేయండి. ఆపకపోతే మీ పాస్‌వర్డ్ లేకుండా ఇంకొకరు వాడకుండా అడ్డుకునే యాక్టివేషన్ లాక్ ఉండిపోయి ఎక్స్‌ఛేంజ్ తిప్పికొడతారు.