ఇంధన భద్రత లెక్కగట్టడం – 4వ పాఠం: నిల్వ ఎన్ని రోజులు వస్తుంది?

మన దేశం ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచే తెచ్చుకుంటోందని, అందులో పెద్ద భాగం గల్ఫ్ నుంచి బయటికొచ్చే ఇరుకు సముద్రదారి హోర్ముజ్ జలసంధి దాటి రావాలని గత పాఠంలో చూశాం. ఆ దారి మూసుకుపోతే ఎన్నాళ్లు నెట్టుకురాగలమన్నది ఈసారి లెక్క. ఉన్న నిల్వను రోజు వాడకంతో భాగిస్తే సరి. తిప్పలన్నీ ఏ నిల్వ, ఏ వాడకం అన్న దగ్గరే వస్తాయి.

కష్టకాలానికని ప్రభుత్వం ముడిచమురు దాచే వ్యూహాత్మక నిల్వ కేంద్రాలు విశాఖపట్నంలో 13.3 లక్షల టన్నులు, మంగళూరులో 15 లక్షలు, కర్ణాటకలోనే ఉన్న పాదూరులో 25 లక్షలు పడతాయి. మొత్తం 53.3 లక్షల టన్నులు, అంటే సుమారు 3.9 కోట్ల బ్యారెళ్లు. రోజుకు 50 లక్షల బ్యారెళ్లకు పైనే వాడుతున్నాం కాబట్టి ఇది నిండా ఎనిమిది రోజులకు కూడా రాదు. ప్రభుత్వం చెప్పే అంకె 9.5 రోజులు. అది 2019-20 అవసరాల మీద కట్టిన లెక్క. చమురు కంపెనీల ట్యాంకుల్లో ఉండేది కూడా కలిపి 74 రోజులంటారు. కాబట్టి ఎవరు రోజుల అంకె చెప్పినా, ఏ ఏడాది వాడకం, ఎవరి ట్యాంకులు అని ముందు అడగండి.

తర్వాత నిల్వ సంగతి. పైన చెప్పింది పట్టే చోటు మాత్రమే, లోపల ఎంత ఉందన్నది వేరే లెక్క. పైగా విశాఖలో 3 లక్షల టన్నుల చోటు చమురు కంపెనీ హెచ్‌పీసీఎల్ వాటా. అక్కడ చమురు ఉండేది కొండరాతిని తొలిచిన సొరంగాల్లో. లోపల స్టీలు తొడుగేమీ ఉండదు. చుట్టూ రాతి పగుళ్లలోకి నీళ్లు ఎక్కిస్తారు, ఆ నీటి ఒత్తిడికి చమురు బయటికి కారదు. లోపలికి ఊరిన నీళ్లు అడుగున చేరితే తోడేస్తుంటారు. ఏ నిల్వలోనైనా చివరి బొట్టు దాకా వాడుకోలేం. అందుకే అంతర్జాతీయ ఇంధన సంస్థ తన లెక్కలో నిల్వ నుంచి 10 శాతం తీసేస్తుంది. సభ్యదేశాలు 90 రోజుల నికర దిగుమతులకు సరిపడా నిల్వ ఉంచాలన్నది దాని నియమం.

ఇంతవరకూ ముడిచమురే. నన్ను ఎక్కువగా టెన్షన్ పెట్టేది వంటగ్యాస్. ఏటా దాదాపు 3 కోట్ల టన్నులు కాలుస్తున్నాం, అంటే రోజుకు 80 వేల టన్నులు. అందులో 60 శాతం దాకా దిగుమతే, అదీ ఎక్కువగా గల్ఫ్ నుంచే. విశాఖలో గ్యాస్ దాచే భూగర్భ సొరంగం పట్టేది 60 వేల టన్నులు. దేశం మొత్తానికి పంచితే ఒక్క పూర్తి రోజు కూడా రాదు. రేవుల్లో, బాట్లింగ్ ప్లాంట్లలో ఇంకా ట్యాంకులున్నాయి కానీ అవి రోజువారీ సరఫరా నడవడానికి కట్టినవి. ముడిచమురు రోజులు చూసి ధీమాగా ఉంటే ఈ సంగతి కనబడదు. అందుకే ఏ ఇంధనానికి ఆ ఇంధనం విడిగా లెక్క కట్టాలి.

ప్రణాళిక ఇక్కడే మొదలవుతుంది. 2026కు అమెరికా నుంచి 22 లక్షల టన్నుల వంటగ్యాస్ కొనేలా మన ప్రభుత్వరంగ కంపెనీలు 2025 నవంబరులో ఒప్పందం చేసుకున్నాయి. అది హోర్ముజ్ దాటక్కర్లేదు, మంచి అడుగే. కాకపోతే గల్ఫ్ ఓడ వారం, పది రోజుల్లో వస్తే అక్కడి ఓడకు నెలకు పైనే పడుతుంది. దారి పొడవైన కొద్దీ ఒడ్డున నిల్వ పెంచాలి. ఆ నిల్వ ఖర్చు కూడా కలిపి చూస్తేనే ఒప్పందం అసలు ధర తెలుస్తుంది.

అభ్యాసం: గల్ఫ్ గ్యాస్ 30 రోజులు ఆగిందనుకోండి. దిగుమతుల్లో గల్ఫ్ వాటా 90 శాతం అనుకుని, రోజుకు ఎన్ని వేల టన్నులు తగ్గుతుందో, నెలకు మొత్తం లోటు ఎంతో కట్టండి. విశాఖ సొరంగం లాంటివి ఎన్ని ఉంటే ఆ లోటు తీరుతుందో తేల్చండి. వచ్చే పాఠానికి ఆ అంకె మీ దగ్గర ఉండాలి. ఇళ్లలో కరెంటు పొయ్యిలు పెరిగితే అందులో ఎంత తగ్గుతుందో, ఆ కరెంటుకు బొగ్గు ఎక్కడిదో దాంతోనే మొదలుపెడతాం.