రాత్రికి స్నేహితుల ఇంట్లో ఆగేవాళ్ళకి

పని మీద ఒంగోలు వెళ్ళి రాత్రికి స్నేహితుడి ఇంట్లో ఆగినప్పుడల్లా, వాళ్ళావిడ పదకొండింటికి మళ్ళీ పొయ్యి వెలిగించడం చూసి నాకు ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడు నెల్లూరులో రైలెక్కగానే ఫోన్ చేసి మూడు మాటలు చెప్పేస్తున్నా: ఎన్నింటికి వస్తాను, తిని వస్తానా లేదా, పొద్దున ఎన్నింటికి బయల్దేరతాను. "తినే వస్తున్నా, రెండు ముద్దలు పెరుగన్నం ఉంటే చాలు" అని తేల్చి చెప్పాలి. "ఏదో ఒకటిలే" అన్నామా, కూరా పులుసూ రెండూ చేసి కూర్చుంటారు.

సంచిలో ఒక పలుచటి దుప్పటి, తువ్వాలు, సబ్బు, చార్జర్ పెట్టుకుంటాను. దుప్పటి ముఖ్యం. మన కోసం బీరువాలోంచి తీసినవన్నీ మర్నాడు ఉతకాల్సింది ఆ ఇంటివాళ్ళే కదా. స్నానం సంగతి కూడా రాత్రే అడిగేయండి. మావాడి వీధిలో కొళాయి రోజూ రాదు, డ్రమ్ములూ బిందెలూ నింపి వరండాలో వరసగా పెట్టుకుంటారు. అందుకే నేను ఒక్క బకెట్టుతో సరిపెట్టుకుంటాను. బడికెళ్ళే పిల్లలున్న ఇల్లయితే ఆరులోపే కానిచ్చేయాలి, లేదా వాళ్ళు వెళ్ళాక చేయాలి. చేతిలో అరకిలో మలైకాజా ఉంటే పిల్లలకి సంతోషం.

పెద్దవాళ్ళున్న ఇంట్లో మాత్రం ఈ ఫోన్ పద్ధతి కుదరదు. "తినేసి వచ్చా"నంటే ఇంకో స్నేహితుడి అమ్మగారు నిజంగానే చిన్నబుచ్చుకున్నారు. అలాంటి ఇంటికి కాస్త ఆకలి ఉంచుకునే వెళ్ళండి.